వృషభమును మిరపకాయయు: రెండు మహావాహనముల తారతమ్యము



నేటి ప్రసంగవిషయము రెండు మోటారుబండ్ల తారతమ్యము. వ్యాకరణమును, అలంకారశాస్త్రమును చదువుకొన్న ముసలి బడిపంతులునకు మోటారుబండ్లతో పని యేమని మీరు అడుగవచ్చును. అయ్యా, పోల్చుట యనునది మొదట అలంకారశాస్త్రమువారి సొత్తు. ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము అను నాలుగంగములు కుదిరినగాని ఉపమ పూర్ణము కాదని పూర్వులు చెప్పిరి. సమానధర్మమేదో తేల్చుకొనక రెండు వస్తువులను పోల్చబూనినవాడు తక్కెడ లేక బియ్యము తూచబూనినవానివంటివాడు. బెంగుళూరునుండి పండుగకు వచ్చిన పిల్లలు మన అరుగులమీద కూర్చుండి, చేతిఫోనులలో బండ్ల బొమ్మలు చూచుచు, ఇది గొప్పదా అది గొప్పదా యని వాదించుకొనుట మీరును వినియుందురు. అప్పుడు పెద్దలు మౌనముగా నుండనక్కరలేదు. అడుగదగిన ప్రశ్న యొకటి కలదు: "నాయనా, దేనికి గొప్పది?" అని. ఆ ప్రశ్నను చేతబట్టుకొని రెండు బండ్లను పరీక్షింతము.

ఒకటి ఇటలీదేశమున లంబోర్గిని సంస్థవారు చేయు ఊరుస్. రెండవది జర్మనీదేశపు పోర్షె సంస్థవారు చేయు కయెన్. రెండును నేలకు ఎత్తుగా నుండి, నాలుగు చక్రములకును బలమందించుకొనుచు, లోపల రాజోపచారములు కలిగి, పందెపుగుర్రమువలె పరుగెత్తు బండ్లు. ఈ తరగతిని లోకమున ఎస్‌యూవీ అందురు.

ముందు నామవిచారము చేయుదము. ఊరుస్ అనగా పూర్వము ఐరోపా అడవులలో తిరిగిన అడవియెద్దు. మూపువద్ద ఆరడుగుల యెత్తుగల మహావృషభము. ఆ జాతిలో కడపటి ఆవు 1627వ సంవత్సరమున పోలండుదేశపు అడవిలో చచ్చెను. నేటి ఐరోపా పశువులు ఆ జాతి సంతతియే. మూపురముగల మన పశువులును ఆ మహాజాతియొక్క భారతీయశాఖనుండి వచ్చినవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. లంబోర్గిని సంస్థను స్థాపించిన ఫెర్రూచియో లంబోర్గిని 1916 ఏప్రిల్ 28వ తేదీన జన్మించెను. పాశ్చాత్యుల గణనము చొప్పున అది వృషభరాశి. అందుచేత అతడు ఎద్దుబొమ్మను తన బండ్లకు ముద్రగా నుంచెను. మన నిరయన గణనము చొప్పున ఆ దినమున సూర్యుడు మేషమునందే యుండును. అతడు మన పంచాంగము చూచియున్నచో ఆ బండ్ల ముందరిభాగమున నేడు పొట్టేలు నిలిచియుండెడిది!

ఇక కయెన్ అనునది దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానాకు ముఖ్యపట్టణము. ఆ పేరుతోనే ఒక ఘాటైన మిరప లోకమున ప్రసిద్ధము. మిరపకాయ మన దేశమునకు అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా వచ్చినదేకదా. కావున మన ముందున్నవి ఒక వృషభము, ఒక మిరపకాయ. రెండును రైతునకు తెలిసినవే.

పేర్లే కాదు, పుట్టుకయు రైతునకు దూరమైనది కాదు. ఫెర్రూచియో లంబోర్గిని సేద్యగాండ్ర యింట పుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, సైన్యములు విడిచిపోయిన యంత్రభాగములను కొని, 1948లో ట్రాక్టరులు చేయుట మొదలుపెట్టెను. ట్రాక్టరులవలన ధనవంతుడై, 1963లో పరుగుబండ్ల కార్ఖానాను సాంత్ ఆగాతా బొలొన్యేసె అను ఊర నెలకొల్పెను. అదే 1948లో పోర్షె పేరుగల మొదటి పరుగుబండి, 356వ సంఖ్యగలది, ఆస్ట్రియాదేశమున తయారయ్యెను. ఆ వంశమునకు మూలపురుషుడైన ఫెర్డినాండ్ పోర్షె కల్పించిన నమూనానుబట్టియు ట్రాక్టరులు పుట్టినవి. 1956 మొదలు 1963 వరకు పోర్షె డీసెల్ అను పేర ఎర్రని ట్రాక్టరులు జర్మనీలో తయారై పొలములు దున్నినవి. అనగా ఈ రెండు పేర్లును ఒకప్పుడు నాగలి వెంట నడచిన పేర్లే.

పోర్షెవారు కయెన్‌ను 2002లో లోకమునకు చూపిరి. పరుగుబండ్లు చేయువారు ఇంత యెత్తుబండి చేయుటయేమని ఆనాడు పలువురు నవ్విరి. అయినను ఆ బండి బాగుగా అమ్ముడుపోయి, సంస్థకు గొప్ప ఆదాయమార్గ మయ్యెను. లంబోర్గినివారు అంతకు ముందే, 1986 మొదలు 1993 వరకు, ఎల్ఎమ్002 అను ఎత్తుబండిని చేసిరి. సుమారు మున్నూరు బండ్లకు మించి చేయలేదు. మరల 2017 డిసెంబరులో ఊరుస్‌ను వెలువరించిరి.

ఇప్పుడొక రహస్యము వినుడు. ఈ రెండును దాయాదులు కావు, ఒకే యింటి బిడ్డలు. రెండు సంస్థలును ఫోక్స్‌వాగన్ అను జర్మనుల మహాసమూహమునకు చెందినవి. 2017లో వచ్చిన మూడవ తరము కయెన్‌కును, ఊరుస్‌కును అడుగుకట్టు ఒక్కటే. కయెన్ స్లొవాకియాదేశపు బ్రాటిస్లావా నగరమున తయారగును. ఊరుస్‌యొక్క లోహశరీరమును ఇటలీకి వెలుపలనే పుట్టి, ఇటలీకి పోయి అలంకరింపబడును. ఒకే కుమ్మరి సారెమీద పుట్టిన రెండు కడవలలో ఒకటి పెండ్లిపందిటికి ఐరేనికుండగా పోయినట్లును, మరియొకటి నీళ్లకడవగా ఇల్లు చేరినట్లును భావింపుడు. మట్టి యొక్కటే, పూత వేరు, ధర వేరు. ఊరుస్‌లో నేటి రకమును 2024 ఆగస్టులో మన దేశమున అమ్మకమునకు పెట్టినప్పుడు దాని వెల 4 కోట్ల 57 లక్షల రూపాయలు. ఇది రోడ్డుపన్ను, రిజిస్ట్రేషను చేరక మునుపటి మాట. కయెన్ తరగతిలో సామాన్యమైన రకమును కోటి రూపాయలు దాటునదే. తెలుగువారిలోను వీని యందు మోజు లేకపోలేదు. చలనచిత్రనటుడు జూనియర్ ఎన్టీఆర్ 2021లో ఊరుస్ కొన్న వార్త పత్రికలలో నెక్కినది.

ఇక బలము తూచుదము. ఊరుస్‌లో 2024నాటి రకమునకు పెట్రోలుయంత్రమును, విద్యుత్తుమోటారును కలిసి 800 అశ్వబలములు. నిలిచిన చోటునుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమందుకొనుటకు 3.4 సెకన్లు. పరమవేగము గంటకు 312 కిలోమీటర్లు. కయెన్‌లో 2023నాటి అత్యంత బలవత్తరమైన సంకరరకమునకు, అనగా పెట్రోలును విద్యుత్తును కలిసినదానికి, 739 అశ్వబలములు, 3.7 సెకన్లు, 295 కిలోమీటర్లు. రెంటికిని ఎనిమిది సిలిండర్ల యంత్రమే. రెంటిలోను బ్యాటరీ ప్రమాణము 25.9 యూనిట్లు. మన కరెంటుబిల్లులోని యూనిట్లే యివి. ఆ నిలువతో ఐదు అశ్వబలముల బోరుమోటారు సుమారు ఆరు గంటలు నడచును.

అశ్వబలమనగా ఏమి? 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక్క మీటరెత్తు లేపు బలము. మన సీమలో బోర్లు రాకమునుపు కపిల తోలినవారికి ఇది సులభముగా బోధపడును. గట్టి ఎడ్లజత యొకటి, ఎడతెగక పనిచేయునప్పుడు, ఇంచుమించుగా ఒక అశ్వబలము నిచ్చును. కావున ఊరుస్ అను ఈ ఒక్క వృషభములో ఎనిమిదివందల జతల ఎడ్లు కట్టబడియున్నవి. బోరుమోటార్ల లెక్కను చూచినచో, ఐదు అశ్వబలముల మోటారులు నూటయరువది.

ఈ బలమును మనకు తెలిసిన కొండకు అన్వయించి చూతము. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 695 మీటర్ల ఎత్తున నున్నది. ఏనుగు మల్లమ్మకొండ యని మన పూర్వులు పిలిచిన హార్సిలీకొండ 1265 మీటర్లు. భేదము 570 మీటర్లు. ఈ బండ్లు ఇంచుమించు రెండున్నర టన్నుల బరువుగలవి. 800 అశ్వబలము లనగా సెకనుకు అరువదివేల కిలోల బరువును మీటరెత్తు లేపు శక్తి. 2500ను 570చే గుణించి, 60,000చే భాగించినచో 24 సెకన్లు వచ్చును. అనగా గణితముచొప్పున ఊరుస్‌కు మదనపల్లె యెత్తునుండి కొండకొనకు లేచుటకు 24 సెకన్ల బలవ్యయము చాలును. కయెన్‌కు సుమారు 26 సెకన్లు. పిల్లలు వాదించుకొనునది ఈ రెండు సెకన్లను గూర్చియే!

ఇప్పుడు నూరు అశ్వబలములుగల సామాన్యమైన కుటుంబపుబండిని చూడుడు. అది మనుష్యులతో కూడ ఒకటిన్నర టన్నులు తూగుననుకొందము. దానికి అదే గణితముచొప్పున 114 సెకన్లు, అనగా రెండు నిమిషములకు లోపే. అయినను ఆ ఘాటురోడ్డుమీద ఏ బండియైనను రెండు నిమిషములలో కొండనెక్కగలదా? ఎక్కలేదు. మలుపులు ఒప్పవు. ఎదురువచ్చు బస్సు ఒప్పదు. రోడ్డుకు అడ్డముగా కూర్చున్న కోతులు ఒప్పవు. కాబట్టి మన రోడ్డు అడుగు బలము నూరు అశ్వములలోనే తీరిపోవుచున్నది. తక్కిన ఏడువందల గుర్రములు లాయములో మేత మేయుచుండును. ఆ మేతయు స్వల్పము కాదు. ఊరుస్ మొదటిరకము నూరు కిలోమీటర్లకు పండ్రెండు లీటర్లకు మించిన పెట్రోలు త్రాగునని చేసినవారే ప్రకటించిరి.

బలము తరువాత చూడవలసినది నిలుపుదల. భారతమున నలోపాఖ్యానము మీరెరిగినదే. బాహుకరూపమున నున్న నలుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడెను. రథమాపుము, తెప్పించుకొందు నని రాజనెను. అది యోజనము వెనుకబడినదని నలుడు బదులుపలికెను. మాట ముగియునంతలో నేల యెంత వెనుకకు పోవునో ఆ కథ చెప్పుచున్నది. మోటారుబండికిని ఇదియే న్యాయము. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 28 మీటర్లు పోవును. గొఱ్ఱె అడ్డము వచ్చుట కన్ను చూచి, కాలు బ్రేకు త్రొక్కునంతలో ఒక్క సెకను గడచును. బ్రేకు పట్టకమునుపే 28 మీటర్లు పోయినవి. ఊరుస్ మొదటిరకము ఆ వేగమునుండి 33.7 మీటర్లలో నిలుచునని ప్రకటించిరి. ఇది మెచ్చదగిన సంగతియే. దాని ముందరిచక్రముల బ్రేకుబిళ్ల 440 మిల్లీమీటర్ల వ్యాసముగలది, అనగా మన యింట అన్నము తిను కంచము కంటె పెద్దది. లోహమునకు బదులు పింగాణివంటి ద్రవ్యమును కర్బనమును కలిపి చేసినది. అయినను రెండు దూరములును కలిసి 62 మీటర్లు కావలయును.

వేగము రెట్టింపైనచో నిలుపుదలదూరము రెట్టింపు కాదు, నాలుగురెట్లగును. మూడురెట్లైనచో తొమ్మిదిరెట్లు. ఇది ప్రకృతి చేసిన శాసనము. దీనిని కోట్ల రూపాయలును మార్చలేవు. గంటకు 300 కిలోమీటర్ల వేగమున ఈ లెక్కచొప్పున బ్రేకు పట్టిన తరువాతనే మున్నూరు మీటర్లు, దానికి ముందు చూచుటకు ఎనుబదిమూడు మీటర్లు. అనంతపురమునుండి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పముల మీదుగా కృష్ణగిరికి పోవు 42వ జాతీయ రహదారిమీద, మలుపు గాని, ఊరు గాని, టమోటాలారీ గాని, బడిపిల్లలు గాని లేని నాలుగువందల మీటర్ల చోటు ఎన్నిచోట్ల కలదో మీరే చెప్పుడు. 2018లో కేంద్రప్రభుత్వము కార్లకు ఎక్స్‌ప్రెస్ మార్గములమీద 120, నాలుగువరుసల రోడ్లమీద 100, పట్టణములలో 70 కిలోమీటర్లు హద్దుగా ప్రకటించెను. 312 అను సంఖ్య అందులో దేనికి పనికివచ్చును?

ఇది హాస్యమునకు చెప్పుమాట కాదు. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. అందు నూటికి డెబ్బదిమందికి పైగా అతివేగమువలన పోయినవారు. వారు ఊరుస్‌లు నడపినవారు కారు. ఎక్కువమంది మన పిల్లలవలె రెండుచక్రముల బండ్లమీదను, సామాన్యపుబండ్లలోను పోవువారు, లేదా ప్రక్కన నడచుచుండినవారు. కాని ఫోనులలో 312 అను సంఖ్యను చూచి పొంగిన మనస్సు, చేతిలోనున్న చిన్నబండిమీద 120 దాటించుటకు తొందరపడును. భయపడవలసినది ఆ మనస్సును గూర్చియే.

ఇక రోడ్డుయోగ్యత. ఊరుస్‌కు ఇనుప స్ప్రింగులకు బదులు గాలితిత్తులు కలవు. ఊరుస్ ఆ తిత్తుల బలముచే నేలనుండి 158 మిల్లీమీటర్లు మొదలు 248 మిల్లీమీటర్ల దాక, అనగా జేనకు మించి, లేవగలదు. ఇసుకకు, మట్టికి, మంచునకు, పందెమునకు వేరువేరు పద్ధతులను మీటతో ఏర్పరచుకొనవచ్చును. మలుపులలో వెనుకచక్రములును కొంచెము తిరుగును. నెమ్మదిగా పోవునప్పుడు ముందరి చక్రములకు ఎదురుగా తిరిగి బండిని చిన్నచోట మరల్చును, వేగమున అదేదిక్కునకు తిరిగి నిలకడ నిచ్చును. పొడవుబండి నిరుకుసందున తిప్పిన రైతు ఈ యుపాయమును మెచ్చుకొనును. కాని ఊరుస్ చక్రములు ఇరువదియొక్క అంగుళములును, అంతకు మించినవియు. వానిమీది టైరు అంచు పలుచన. వానలు వెలసిన పిమ్మట మన ఊళ్ల రోడ్లలో పడు గుంతలకు అట్టి టైరు ఓర్చుకొనదు. ఊరుస్ వెడల్పు అద్దములు లేకయే రెండు మీటర్లకు మించును. అట్టిబండి యెదురైనచో మన పల్లెదారులలో ఎడ్లబండి కాలువలోనికి దిగవలసినదే.

సరే, తీర్పేమి? వేగము సమానధర్మముగా గ్రహించినచో ఊరుస్ గెలిచెను. గెలుపు ఎంత? 3.7లో 3.4 తీసివేసిన మూడు పదవవంతుల సెకను, నిమేషమాత్రము. కుటుంబముతో ప్రయాణము సమానధర్మమైనచో కయెన్ మిన్న. ఒకే అడుగుకట్టు, ఇంచుమించు ఒకే బలము, వెల తక్కువ, ధ్వని తక్కువ, చూచువారిని పిలువని నిదానము దానియందు కలవు. చూచువారిని పిలుచుటయే ప్రయోజనమైనచో ఊరుస్‌కు సాటి లేదు. దానికి చెల్లించు అధికమూల్యములో పెద్దభాగము ఆ పిలుపునకే. ఇది తప్పని నేను చెప్పను. విజయనగరరాజులు సముద్రముమీద వచ్చు అరబ్బుగుర్రములకు అపారధనము పోసిరి. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విదేశపుగుర్రముల వర్తకులను ఆదరింపవలెనని రాజనీతిగా చెప్పెను. కాని అతనికి ఆ గుర్రములు దేశరక్షణకు కావలసివచ్చెను. ప్రయోజనమును బట్టి వెల.

ఆ విజయనగరమునకు పిమ్మట రాజధానియైన పెనుకొండ దగ్గరనే, ఎఱ్ఱమంచి యొద్ద, కొరియాదేశపు కియా సంస్థ 2019 మొదలు ఎత్తుబండ్లను చేయుచున్నది. వానికి మూడువందల అశ్వబలములు లేవు. మన సీమబిడ్డల చేతులమీదుగా తయారైన ఆ బండ్లలోని బలము హార్సిలీకొండకు చాలునని ముందే లెక్కవేసితిమి.

మరియొక పోలికతో ముగింతును. ఆరడుగుల ఊరుస్ వృషభము లోకమునుండి పోయెను. మన పుంగనూరు ఆవు మూడడుగులకు లోపే. దానిపాలలో వెన్న హెచ్చు, మేత తక్కువ. అదియు ఇంచుమించు అంతరించు దశకు వచ్చినది. పలమనేరులోని పశుపరిశోధనాస్థానము దానిని కాపాడుటకు పాటుపడినది. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున పుంగనూరు ఆవులకు మేత పెట్టుట దేశమంతయు చూచినది. ఏ జాతిని నిలుపవలెనో, దేనిని కొనవలెనో నిర్ణయించునది మన యింటి అవసరము, మన నేలయొక్క ఓపిక.

కాబట్టి పెద్దలారా, మీ మనుమడు బండి కొందునని వచ్చినప్పుడు వలదని గదమకుడు. నాలుగు మాటలు నెమ్మదిగా అడుగుడు. ఏ రోడ్డుమీద నడుపుదువు? ఎంతమందిని ఎక్కించుకొందువు? అప్పు తీరుటకు ఎన్ని పంటలు కావలయును? ఎంత దూరములో ఆపగలవు? ఈ నాలుగవ ప్రశ్నకు అతడు బదులు చెప్పలేనిచో, ఊరిబయట ఖాళీ రోడ్డుమీద మీ యెదుటనే బండినాపించి, ఆ దూరమును అడుగులతో కొలిపింపుడు. ఆ కొలత అతనికి జీవితాంతము జ్ఞాపకముండును.